356 మైళ్ల సింహాసనం
ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జీవితం, ఆయన బండ్ల వైపు నుంచి



పాత కార్ల ప్రదర్శనకు పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. దీని ఖరీదెంత? మనమూ వెంటనే ఫోన్ తీసి వెతికి చెప్పేస్తాం. ఈసారి వెళ్లినప్పుడు ఇంకో ప్రశ్న కూడా అలవాటు చేయండి. ఇది ఎంత దూరం నడిచింది? మొదటి ప్రశ్నకు ఒక అంకె దొరుకుతుంది. రెండో ప్రశ్న వెంట పోతే ఒక్కోసారి ఆ కారు యజమాని జీవితమే బయటపడుతుంది.

అలాంటి కారు చూడటానికి మీరు దూరం పోనక్కర్లేదు. జహీరాబాద్ నుంచి వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా, హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. దానికి థ్రోన్ కార్ అని పేరు, అంటే చక్రాల మీద సింహాసనం. వెనక సీటును నిజాం కూర్చునే గద్దెలా ఎత్తుగా కట్టారు. పైకప్పు గుమ్మటంలా ఉంటుంది. లోపల పట్టు, జరీ పని. లండన్‌లో బార్కర్ అనే పేరున్న కంపెనీ ఆ బాడీని తయారు చేసింది. పసుపు ఆసఫ్ జాహీ వంశపు రంగు. వాళ్ల జెండా కూడా పసుపే.

ఇక రెండో ప్రశ్నకు జవాబు. ఆ కారు మొత్తం నడిచింది 356 మైళ్లు అని లెక్క. అంటే దాదాపు 573 కిలోమీటర్లు. మీలో చాలామంది పని మీదో, ఆసుపత్రికో, పెళ్లికో జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లి వస్తుంటారు. అలా మూడుసార్లు వెళ్లి వస్తే చాలు, ఆ రాజుగారి కారును మీరు దాటేసినట్టే.

తండ్రి ఆర్డర్, కొడుకు కారు

ఈ కారును ఆర్డర్ చేసింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. షోకుల మనిషి. ఆయన బట్టల కోసం పురానీ హవేలీలో కట్టించిన పొడవాటి అల్మారాల గది నేటికీ ఉంది. ఒకసారి వేసిన దుస్తులు మళ్లీ వేసేవారు కాదని చెబుతారు. 1911లో సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డర్ ఇచ్చారు. ఆ ఆగస్టు 29న కన్నుమూశారు. కారు వచ్చేసరికి దాన్ని ఎక్కాల్సిన మనిషి లేడు.

గద్దె మీదికి వచ్చిన కొడుకే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1886 ఏప్రిల్‌లో పుట్టారు. రాజయ్యేనాటికి 25 ఏళ్లు. దేశంలోని అతిపెద్ద సంస్థానాల్లో ఒకటైన హైదరాబాద్ చేతికొచ్చింది. తెలంగాణతో పాటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు అందులో ఉండేవి. అప్పట్లో మన జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లా కింద ఉండేది. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు మెదక్‌లో కలిసింది.

సిల్వర్ ఘోస్ట్ అంటే ఆ రోజుల్లో ఏమిటో పిల్లలకు ఒక్క ముక్క చెప్పండి. 1907లో ఆ మోడల్ కారును లండన్, గ్లాస్గో నగరాల మధ్య పదేపదే తిప్పుతూ పరీక్ష పెట్టారు. 14,371 మైళ్లు, అంటే 23 వేల కిలోమీటర్లకు పైగా, చెడిపోయి ఆగకుండా నడిచింది. రోడ్లు సరిగా లేని కాలంలో, టైర్లు మాటిమాటికీ పంక్చరయ్యే కాలంలో అది మామూలు సంగతి కాదు. ఆ పరీక్షే ఆ కారుకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. ఆగకుండా నడవడమే గొప్పగా చెప్పుకునే కారు హైదరాబాద్ చేరి ఊరేగింపులకు, దర్బారు సందర్భాలకు మాత్రమే బయటికొచ్చింది. మిగతా కాలమంతా గ్యారేజీలోనే ఉండిపోయింది.

కోట్లున్న మనిషి, పాత టోపీ

1937లో ఉస్మాన్ అలీ ఖాన్ పాలనకు పాతికేళ్ల పండుగ జరిగింది. ఆ ఫిబ్రవరి 22న అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడు ఈయనేనని పరిచయం చేసింది. ఆయన దగ్గరున్న జాకబ్ వజ్రం బరువు 184.75 క్యారెట్లు. తండ్రి బూటు మొనలో దొరికిందని, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకునేవారని అంటారు. ఇప్పుడు ఆ వజ్రం భారత ప్రభుత్వం దగ్గర ఉంది. 1995లో నిజాం నగలతో పాటు కొనుక్కున్నారు.

అంతటి మనిషి ఉండే తీరు వేరు. నలిగిన షేర్వాణీ, ఏళ్ల తరబడి అదే టోపీ. కింగ్ కోఠీలో ఆయన గదిని చూసినవాళ్లు అది రాజు గదేనా అని ఆశ్చర్యపోయేవారు. బయటికి వెళ్లాలన్నా మెరిసే బండ్లు పక్కన పెట్టి పాత కారులోనే వెళ్లేవారు. తండ్రి కట్టిన బట్ట మళ్లీ కట్టని మనిషైతే, కొడుకు చిరిగేదాకా వదలని మనిషి.

మన ఇళ్లలోనూ ఇలాంటి పెద్దవాళ్లుంటారు. సోఫా మీది ప్లాస్టిక్ కవర్ పదేళ్లయినా తీయరు. కొత్త గిన్నెలు అటక మీదే ఉంటాయి. అందుకే నిజాం పొదుపు కథలు వింటే మనకు నవ్వూ వస్తుంది, కాస్త దగ్గరివాడిలానూ అనిపిస్తాడు. అయితే ఈ అలవాటు ఎక్కడిదాకా పోయిందో చూడండి. లారీ కాలిన్స్, డొమినిక్ లాపియర్ కలిసి రాసిన ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్ పుస్తకంలో ఆయన తోట గురించి ఒక వర్ణన ఉంది. బంగారు కడ్డీలు నింపిన లారీలు ఆ బరువుకు నేలలో కూరుకుపోయి, కదలకుండా అక్కడే నిలబడి ఉండేవని రాశారు. అందులో ఎంత నిజం, ఎంత రంగులద్దిన కథ అన్నది పక్కన పెట్టండి. కదలని రోల్స్ రాయిస్‌కు, కదలని లారీకి పోలిక మాత్రం కుదిరింది.

మరో కథ మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. రోల్స్ రాయిస్ కంపెనీ అవమానిస్తే, కోపంతో ఆ కార్లు కొని చెత్త ఎత్తించారట. దాన్ని ఒకరు నిజాం పేర చెబుతారు, ఇంకొకరు ఆల్వార్ మహారాజు పేర, మరొకరు పటియాలా పేర. ఒకే కథకు ఇంతమంది రాజులుంటే దాన్ని చరిత్ర అనలేం. పిల్లలతో కూర్చుని ఒకే ఫార్వర్డ్ ఎన్ని పేర్లతో తిరుగుతోందో వెతికించండి. ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అన్న పాఠం పది నిమిషాల్లో అయిపోతుంది.

ఎక్కువ తిరిగిన బండ్లు

ఆయన కాలంలో బాగా తిరిగిన బండ్లు వేరే ఉన్నాయి. వాటిలో వెండి లేదు, జరీ లేదు. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు రోడ్డు రవాణా విభాగం పెట్టారు. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు. రైలుకు, బస్సుకు ఒకే యాజమాన్యం ఉండటంతో రైలు పోని ఊళ్లకు బస్సు అందేలా పథకం వేసుకున్నారు. 1951 నవంబర్‌లో ఆ విభాగం హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. ఇప్పుడు మన జహీరాబాద్ డిపో నుంచి బయల్దేరే బస్సు ఆ 27 బస్సుల వంశంలోదే.

ఈసారి బస్టాండులో నిలబడ్డప్పుడు బస్సుల నంబర్ ప్లేట్లు చూడమని పిల్లలకు చెప్పండి. ఆర్టీసీ బస్సు నంబరులో జెడ్ అక్షరం కనిపిస్తుంది. నిజాం తల్లి జహ్రా బేగం పేరు గుర్తుగా ఆ అక్షరం వచ్చిందని హైదరాబాద్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు.

బస్సులతో పాటు ఆ పాలనలో వచ్చినవి ఇంకా ఉన్నాయి. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. మళ్లీ అలా జరగకుండా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. మనకు దగ్గరి మంజీరా నది మీద 1931కల్లా నిజాంసాగర్ పూర్తయింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. ఇంగ్లిష్‌లో కాకుండా ఉర్దూలో సైన్సు, వైద్యం బోధించడానికి పెద్ద అనువాద శాఖనే పెట్టారు. పిల్లలకు ఏ భాషలో చదువు చెప్పాలన్న చర్చ మన పేరెంట్స్ మీటింగుల్లో ఇంకా నడుస్తూనే ఉంది కదా.

జహీరాబాద్ దాకా వచ్చిన దారి

ఇక మన ఊరి సంగతి. 1929లో నిజాం ప్రభుత్వం పరిశ్రమలకు పెట్టుబడి ఇవ్వడానికి ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పాటు చేసింది. ఖజానాలోని డబ్బు ఫ్యాక్టరీల్లో వాటాగా వెళ్లేది. ఆ పెట్టుబడితో, అల్లాదీన్ కంపెనీ భాగస్వామ్యంతో 1942లో హైదరాబాద్ ఆల్విన్ పుట్టింది. బస్సు బాడీలు కట్టింది. తర్వాత ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. మీ అమ్మానాన్నల ఇంట్లో ఆల్విన్ ఫ్రిజ్ ఉండే ఉంటుంది.

అదే ఆల్విన్ 1980ల్లో జపాన్ కంపెనీ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న సరకు రవాణా వాహనాల ఫ్యాక్టరీ పెట్టింది. ఆల్విన్ నిస్సాన్ అన్న పేరు మన ఊళ్లో పెద్దవాళ్లకు బాగా గుర్తు. దశాబ్దం చివర్లో దాన్ని మహీంద్రా తీసుకుంది. 2013లో ఇక్కడే మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు ప్రారంభమైంది. ఏడాదికి లక్ష ట్రాక్టర్లు తయారు చేయగల ప్లాంటు. మన పిల్లల తరగతుల్లో ఆ ప్లాంటులోనో, దాని చుట్టూ ఉన్న చిన్న యూనిట్లలోనో పనిచేసే తల్లిదండ్రుల పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లు కడుతున్న ఫీజు వెనక, వెతుక్కుంటూ పోతే, ఈ దారి దొరుకుతుంది. గ్యారేజీలో ఉండిపోయిన కారు ఎవరికీ ఉద్యోగం ఇవ్వలేదు. ఫ్యాక్టరీలోకి వెళ్లిన డబ్బు చేతులు మారి, పేర్లు మారి, మన ఊరి చెరకు తోటల పక్కదాకా వచ్చింది.

ఆ డబ్బు ఎక్కడిది?

ఇక్కడే ఆపేస్తే పిల్లలకు సగం కథే చెప్పినట్టు. ఆ సంపద ఆకాశం నుంచి పడలేదు. శిస్తులు కట్టిన రైతుదీ, జాగీర్లలో, నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్‌లో చెమటోడ్చిన కూలీదీ. దొరల గడీల్లో వెట్టిచాకిరీ నడిచిన కాలమది. రాజ్యంలో మిగతా భాషలవాళ్లకంటే తెలుగువాళ్లే ఎక్కువమంది అయినా ప్రభుత్వ భాష, పైచదువుల భాష ఉర్దూ. తెలుగులో చదువు కోసం, గ్రంథాలయాల కోసం జనమే పోరాడాల్సి వచ్చింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఆ కష్టాల్లోంచి పుట్టిందే. సింహాసనం కారు కథలో ఆ రైతు ఎక్కడా కనిపించడు. ఆయన్ను మనమే తెచ్చి నిలబెట్టాలి.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఉస్మాన్ అలీ ఖాన్ భారత్‌లో కలవడానికి ఒప్పుకోలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడుతుంటే ఆయన ఆపలేదు. ఆ తప్పుకు ఎన్నో కుటుంబాలు మూల్యం చెల్లించాయి. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం బయల్దేరింది. షోలాపూర్ నుంచి వచ్చిన ప్రధాన దళం దారి మన హైవేనే. సెప్టెంబర్ 16న తెల్లవారుజామున ఆ దళం జహీరాబాద్ వైపు కదిలింది. దారిలో పాతిన మందుపాతరలు తీస్తూ, బీదర్ రోడ్డు కలిసే చోట కాల్పులు ఎదుర్కొంటూ, రాత్రికల్లా జహీరాబాద్ దాటి పదిహేను కిలోమీటర్లు ముందుకు వెళ్లింది. మర్నాడు, 17న, నిజాం లొంగిపోయారు. రోజూ మీ పిల్లల స్కూల్ బస్సు తిరిగే రోడ్డు మీదే ఒక రాజ్యం ముగిసింది.

ఆ తర్వాత కూడా ఆయన హైదరాబాద్‌లోనే ఉన్నారు. 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా, కొత్త భారతదేశంలో ఒక రాష్ట్రానికి లాంఛనపు అధిపతిగా పనిచేశారు. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు. అంతిమయాత్రకు లక్షల్లో జనం వచ్చారు. ఇంటి ఎదుటి మసీదులో, తల్లి సమాధి దగ్గరే ఆయన్ను ఖననం చేశారు.

అరవై కార్లు, నడిచేవి నాలుగు

వారసుడిగా వచ్చింది మనవడు ముకర్రం జా. డూన్ స్కూల్, హారో, కేంబ్రిడ్జ్. అంతకంటే పెద్ద చదువులుండవు. తాతగారు వదిలి వెళ్లింది మాత్రం ఏ స్కూలూ నేర్పని లెక్క. వేలమంది నౌకర్లు, వాళ్ల మీద ఆధారపడ్డ కుటుంబాలు, పంపకాల కేసులు. గ్యారేజీలో అరవై దాకా కార్లున్నాయి. వాటి పెట్రోలుకు, విడిభాగాలకు ఏటా భారీగా ఖర్చు రాస్తున్నారు. నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ రాశారు. కొత్త నిజాంను పట్టాభిషేకం నుంచి తీసుకెళ్లాల్సిన కారు కూడా దారిలో మొరాయించిందట. ముకర్రం జాకు ఇంజన్లంటే ప్రాణం. చివరికి ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారంలో యంత్రాల మధ్య గడిపారు. 2023లో ఇస్తాంబుల్‌లో చనిపోయారు.

అన్ని కార్లు ఎందుకు పాడయ్యాయి? మీ వీధి చివరి మెకానిక్‌ను అడిగితే రెండు నిమిషాల్లో చెబుతాడు. బండి తిరుగుతుంటేనే బాగుంటుంది. నిలబెడితే పెట్రోలు బంకలా మారి కార్బురేటర్‌లో పేరుకుంటుంది. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. ఇంజన్ గోడల మీది ఆయిల్ కిందికి జారిపోయి, తేమకు తుప్పు పడుతుంది. టైరు ఒకే చోట అణిగిపోతుంది. లాక్‌డౌన్ రోజుల్లో మీ స్కూటీకి జరిగిందే నిజాం కార్లకు దశాబ్దాల పాటు జరిగింది. పాడవుతుందన్న భయంతో దాచిన వస్తువు దాచడం వల్లే పాడైంది.

థ్రోన్ కార్ అదృష్టం వేరు. రాకుమారి ఎస్రా చొరవతో చౌమహల్లా ప్యాలెస్‌ను పునరుద్ధరించారు. 2010లో ఆ పనికి యునెస్కో గుర్తింపు దక్కింది. కారును కూడా బాగుచేసి జనం చూసేలా పెట్టారు. ఒక్క మనిషి కోసం తయారైన కారును ఇప్పుడు టికెట్ కొన్న ప్రతి బిడ్డా చూస్తోంది. నడవని కారు చివరికి ఇలా అందరికీ పనికొచ్చింది.

వెళ్లే ముందు మీకు కొన్ని సూచనలు

చౌమహల్లాకు శుక్రవారం సెలవు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో కూడా పాత రోల్స్ రాయిస్, ప్యాకార్డ్, జాగ్వార్ కార్లు చూడొచ్చు. ఒకే రోజు రెండూ చూసి రావచ్చు. కుదిరితే ఆర్టీసీ బస్సులోనే వెళ్లండి. పొద్దున ఎక్కిన బస్సు కథ, మధ్యాహ్నం చూసిన కారు కథ పక్కపక్కనే ఉంటాయి.

కార్ల ప్రదర్శనలకు వెళ్తే నంబర్ ప్లేటు చూపించండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అలా కొత్తగా నంబరు తీసుకున్న బండి ప్లేటు మీద వీఏ అనే అక్షరాలుంటాయి. వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తిప్పొచ్చు గానీ రోజువారీ వాడకానికి కాదు.

ఒక్కో కారు దగ్గర పిల్లల చేత మూడు ప్రశ్నలు రాయించండి. దీన్ని ఎవరు చేశారు? ఎంత దూరం నడిచింది? దీనికి డబ్బు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? ఖరీదు నాలుగో ప్రశ్నగా ఉండనివ్వండి.

ఇంటికొచ్చాక ఒక పని మీకు కూడా. అటక మీదో, బీరువాలోనో పాడవుతుందని పిల్లల చేతికివ్వకుండా దాచినవి చూడండి. రంగుల పెట్టె, పుట్టినరోజుకు వచ్చిన మైక్రోస్కోప్, తాతగారి కెమెరా, చక్కగా అట్టలు వేసిన బొమ్మల పుస్తకాలు. వాటిలో ఒకటి తీసి ఈ ఆదివారం వాళ్ల చేతిలో పెట్టండి. గీతలు పడనివ్వండి. ఎంత దూరం నడిచిందో లెక్క రాయడం ఆ రోజు నుంచే మొదలుపెట్టండి.